తక్కువ ఖర్చుతో ఫోటోగ్రఫీ – 3వ పాఠం: వాడిన కెమెరాను పరీక్షించి కొనడం

మొదటి పాఠంలో సెన్సరు పరిమాణం గురించి, రెండో పాఠంలో లెన్సు మీది అంకెలను చదివే పద్ధతి గురించి తెలుసుకున్నాం. పాతిక వేల రూపాయలకు మించి పెట్టలేనివారు కొత్తదాని కోసం ఎదురుచూడకుండా వాడిన డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సు మార్చుకోగల కెమెరా) తీసుకోవడమే మేలని రెండో పాఠం చివర చెప్పాను. అలాంటి కెమెరా చేతికి వచ్చినప్పుడు, డబ్బు ఇచ్చే ముందు దాన్ని ఎలా పరీక్షించాలో ఇప్పుడు చూద్దాం.

కెనాన్, నికాన్ సంస్థలు రెండూ 2018లో పెద్ద సెన్సరు (ఫుల్ ఫ్రేమ్) ఉండి లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలను విడుదల చేసినప్పటి నుంచి ఫోటోగ్రాఫర్లు క్రమంగా అటు మళ్లుతున్నారు. వారు వదిలించుకుంటున్న డీఎస్ఎల్ఆర్‌లు ఆన్‌లైన్ ప్రకటనల్లోనూ, కెమెరా దుకాణాల్లోనూ అందుబాటు ధరలకు దొరుకుతున్నాయి. కెనాన్ 1500డి, 200డి, నికాన్ డి3400, డి3500, డి5600 అనే పేర్లు మీకు తరచుగా ఎదురవుతాయి. ఇవన్నీ 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నదైన) సెన్సరు ఉన్నవే కాబట్టి బొమ్మ నాణ్యతలో వీటి మధ్య తేడా వెతకడానికి సమయం పెట్టనవసరం లేదు. 6000×4000 పిక్సెళ్ల ఫోటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రిస్తే 20 అంగుళాల వెడల్పు వస్తుంది. మన ఇళ్ల గోడలకు అంతకన్నా పెద్దది అరుదుగానే కావాలి. ఏ మోడల్ అన్నదానికన్నా, మీ చేతిలో ఉన్న ఆ ఒక్క కెమెరా ఏ స్థితిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

అమ్మేవారు సాధారణంగా చెప్పే మాట ఒకటి ఉంది: "బీరువాలోనే ఉందండీ, పెద్దగా వాడనే లేదు." హైదరాబాదులోనో అనంతపురంలోనో ఈ మాట వింటే సంతోషించవచ్చునేమో గాని, విశాఖపట్నంలో వింటే మాత్రం జాగ్రత్త పడాలి. సముద్రపు గాలి వల్ల ఇక్కడ తేమ అరవై శాతానికి పైన ఉండే రోజులే ఏడాదిలో ఎక్కువ. ఆ తేమ, చీకటి, గాలి ఆడని ఫోమ్ సంచి, లెన్సు మీద మిగిలిపోయిన వేలిముద్రల జిడ్డు, ఈ నాలుగూ ఒకచోట చేరితే లెన్సు గాజు మీద ఫంగస్ పెరుగుతుంది. వారానికి రెండు పెళ్లిళ్లకు బయటికి వచ్చే కెమెరాకు వెలుతురూ గాలీ తగులుతూ ఉంటాయి కాబట్టి దానికి ఈ జబ్బు తక్కువ. అందువల్ల మన ఊళ్లో రెండేళ్లుగా సంచి విప్పని కెమెరా కన్నా, రబ్బరు అరిగి, అంచుల దగ్గర రంగు పోయి, రోజూ పని చేస్తున్న కెమెరాయే చాలాసార్లు మంచి బేరం అవుతుందని నా అభిప్రాయం.

ఈ పరీక్షకు ఫోన్‌లోని టార్చి సరిపోతుంది. లెన్సును కెమెరా నుంచి విడదీసి, రెండు మూతలూ తీసి, వెనుక వైపు నుంచి టార్చి వేసి ముందు వైపు నుంచి కాస్త ఏటవాలుగా చూడాలి. సూటిగా చూస్తే వెలుగు కళ్లలో పడుతుందే తప్ప లోపలి గాజు కనిపించదు. ఆపైన లెన్సును నెమ్మదిగా తిప్పుతూ, టార్చిని ముందుకు మార్చి వెనుక నుంచి కూడా చూడాలి. కెనాన్ లెన్సు విడిగా ఉన్నప్పుడు దాని ఎపర్చరు (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) సాధారణంగా తెరిచే ఉంటుంది. నికాన్ జీ రకం లెన్సుల్లో అది మూసుకొని ఉంటుంది కాబట్టి, లెన్సు వెనుక అంచున ఉండే చిన్న లోహపు మీటను వేలితో పక్కకు నెట్టి పట్టుకుంటేనే లోపలంతా కనిపిస్తుంది. ఈ సంగతి తెలియనివారికి ఆ మూసుకున్న రేకుల వెనుక ఉన్న ఫంగస్ కనిపించకుండానే బేరం ముగిసిపోతుంది.

లోపల కనిపించేవన్నీ ఒకటి కావు. అక్కడక్కడ మెరిసే చుక్కలు ధూళి రేణువులు. అవి ప్రతి లెన్సులోనూ ఉంటాయి, ఫోటో మీద వాటి ప్రభావం దాదాపు ఉండదు. ఒక అంచు నుంచి మొదలై సాలెగూటి దారాల్లా కొమ్మలు కొమ్మలుగా లోపలికి పాకిన తెల్లని గీతలు ఫంగస్. గాజు అంతటా పలుచగా పరుచుకున్న మసక మరొకటి. దీనివల్ల ఎదురు వెలుతురులో తీసిన ఫోటోలు వెలిసిపోయినట్టు వస్తాయి. ఫంగస్ విడుదల చేసే ఆమ్లాలు లెన్సు పూతను, చివరికి గాజునూ తినేస్తాయి కాబట్టి, శుభ్రం చేయించినా మచ్చ మిగిలిపోవచ్చు. "రెండు రోజులు ఎండలో పెడితే పోతుంది సార్" అని అమ్మేవారు ధైర్యం చెబితే నమ్మవద్దు. ఎండకు ఫంగస్ చచ్చినా, తిన్న పూత తిరిగి రాదు. కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్సుకు ఫంగస్ ఉండి బాడీ (లెన్సు కాక మిగిలిన కెమెరా) బాగుంటే, లెన్సు ధరను పూర్తిగా మినహాయించి బాడీకి మాత్రమే బేరం ఆడండి. శుభ్రం చేయించే ఖర్చు ఆ లెన్సు విలువను మించిపోయే అవకాశం ఉంది.

ఇక బాడీ సంగతి. దీనికి ఇంత సేపు అక్కరలేదు. మీ సొంత మెమరీ కార్డు వెంట తీసుకువెళ్లండి. కలుసుకొనే చోటు పగటి వెలుతురు బాగా ఉన్న శివాజీ పార్కు లాంటిదైతే మేలు, బీచి మాత్రం వద్దు, ఎందుకంటే లెన్సు ఊడదీసిన కెమెరాలోకి ఇసుక, ఉప్పు గాలి పోనివ్వకూడదు. ఎపర్చరును ఎఫ్/16కు తెచ్చి (అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), ఫోకస్ చెదరగొట్టి, ఆకాశాన్ని ఒక ఫోటో తీసి తెర మీద పెద్దది చేసి చూడండి. గుండ్రటి బూడిద రంగు మచ్చలు కనిపిస్తే అవి సెన్సరు మీది ధూళి, గాలి ఊదే రబ్బరు బుడ్డీతో చాలావరకు పోతాయి. మచ్చ చుట్టూ జిడ్డు వలయం ఉంటే అది నూనె, దానికి తడి శుభ్రత కావాలి. తర్వాత లెన్సు మూత పెట్టి, ఐఎస్ఓ (సెన్సరు వెలుతురును గ్రహించే తీవ్రత) 800 దగ్గర ఒక సెకను ఎక్స్‌పోజరు ఇచ్చి చూస్తే, నల్లటి చట్రంలో ఎరుపు, నీలం చుక్కలుగా వెలిగే పిక్సెళ్లు బయటపడతాయి. అయిదారు ఉంటే పట్టించుకోనక్కర లేదు.

ప్రతి ఫోటోకూ తెరుచుకొని మూసుకొనే షట్టరు ఇంతవరకు ఎన్నిసార్లు కొట్టుకుందో తెలుసుకోవడం నికాన్‌లో సులువు. కెమెరా తీసిన జేపీఈజీ ఫైలులోనే ఆ సంఖ్య నమోదవుతుంది, ఆ సమాచారం చూపించే వెబ్‌సైట్లలో దేనికి ఇచ్చినా చెబుతుంది. కెనాన్ ప్రారంభ స్థాయి కెమెరాలు ఫైలులో దాన్ని రాయవు. యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు తగిలించి, అందుకోసమే ఉన్న సాఫ్ట్‌వేరుతో చూడాలి. ఈ తరగతి నికాన్ షట్టర్లకు సాధారణంగా చెప్పే ఆయుష్షు 1,00,000 ఫోటోలు. అది దాటితే వెంటనే ఆగిపోతుందని కాదు, ధర తగ్గించమనడానికి మీకు ఒక ఆధారం దొరికినట్టు. బ్యాటరీని బయటికి తీసి బల్లమీద పెట్టి వేలితో తిప్పి చూడండి. ఉబ్బినది చక్రంలా తిరుగుతుంది, బాగున్నది తిరగదు. బిల్లు మీది సీరియల్ నంబరు కెమెరా అడుగున ఉన్నదానితో సరిపోవాలి. బిల్లు లేదంటే, ఎంత చవకైనా సరే, ఆ కెమెరా వదిలేయండి.

మోడల్‌ను బట్టి కొన్ని లోపాలు ముందే తెలిసి ఉండాలి. కెనాన్ 1500డి, 3000డి, 200డి మార్క్ 2 కెమెరాల పైన ఫ్లాష్ తగిలించే చోట మధ్య పిన్ను ఉండదు. దానివల్ల చవకగా దొరికే ఇతర కంపెనీల మాన్యువల్ ఫ్లాష్‌లు వాటిమీద వెలగవు. మీకు మున్ముందు ఇంట్లో పోర్ట్రెయిట్లు తీసే ఆలోచన ఉంటే ఇది చిన్న విషయం కాదు. నికాన్ డి3000, డి5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటారు లేదు. అందుచేత పాత 50 మి.మీ. ఎఫ్/1.8డి లెన్సు ఎంత చవకగా వచ్చినా వీటిమీద ఆటోఫోకస్ చేయదు, లెన్సులోనే మోటారు ఉన్నవి, అంటే పేరులో ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని ఉన్నవే తీసుకోవాలి. వాటిలోనూ ఏఎఫ్-పీ లెన్సులు డి3200, డి5100 వంటి పాత బాడీల మీద ఫోకస్ చేయవు.

బాడీ మీద మిగిల్చిన డబ్బు లెన్సుకు ఎందుకు వెళ్లాలో ఒక లెక్క వేసి చూద్దాం. 18–55 కిట్ లెన్సును 50 మి.మీ. వైపు జూమ్ చేస్తే ఎపర్చరు ఎఫ్/5.6కు పడిపోతుంది. అదే చోట ఎఫ్/1.8 లెన్సు పెడితే, 5.6ను 1.8తో భాగించి వర్గం చేయగా, సుమారు 9.7 రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. సాయంత్రం పూర్ణా మార్కెట్టులో బల్బు వెలుగులో కూరగాయలు తూచే చేతులను తీయాలనుకోండి. కిట్ లెన్సుతో 1/15 సెకను దగ్గర తక్కెడ కదలికంతా చెదిరిపోయే చోట, ఐఎస్ఓ మార్చకుండానే 1/150 సెకనుకు దగ్గరగా తీయగలుగుతారు, తూకం రాయి అంచు కూడా తేటగా నిలుస్తుంది. నికాన్ వారికి నేను సూచించేది ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 మి.మీ. ఎఫ్/1.8జీ. కెనాన్ వారికి 2015లో వచ్చిన ఈఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్టీఎం చాలు, కాని ఏపీఎస్-సీ సెన్సరు మీద అది ఫుల్ ఫ్రేమ్ మీద 80 మి.మీ. లెన్సు చూపేంత ఇరుకైన దృశ్యాన్ని చూపుతుంది కాబట్టి అపార్ట్‌మెంట్ గదిలో వెనక్కి జరగడానికి చోటు చాలదని గుర్తుంచుకోవాలి.

కొన్న మరునాటి నుంచే కాపాడుకొనే ఏర్పాటు ఉండాలి. వచ్చిన సంచిని ప్రయాణానికి మాత్రమే వాడి, ఇంట్లో గాలి చొరబడని మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో కెమెరా, సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు కలిపి ఉంచండి. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపించాలి. మరీ ఎండబెట్టినా లోపలి కందెన దెబ్బతింటుంది. నారింజ రంగు సిలికా జెల్ తేమ పీల్చుకొని ముదురు ఆకుపచ్చకు తిరిగితే, ఓవెన్‌లో సుమారు 120 డిగ్రీల వద్ద రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికి వస్తుంది. బియ్యపు డబ్బాలో కెమెరా పెట్టే అలవాటు మాత్రం మానుకోండి, దాని పిండి లెన్సు సందుల్లోకి పోతుంది. ఏసీ గదిలోంచో కారులోంచో బీచికి వెళ్లినప్పుడు చల్లని గాజు మీద వెంటనే ఆవిరి పడుతుంది. సంచి తెరవకుండా అరగంట బయటి వేడికి అలవాటు కానివ్వాలి. తిరిగి వచ్చాక బాడీని కొద్దిగా తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో తుడిచి ఉప్పు తీసేసి, పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి.

ఈ వారం అభ్యాసాలు రెండు. మొదటిది ఆదివారం ఉదయం చేయదగినది: మూసి ఉన్న దుకాణపు రోలింగ్ షట్టరుకు ఎదురుగా, ట్రైపాడ్ మీద కెమెరాను దానికి సమాంతరంగా నిలిపి, ఎఫ్/8 వద్ద ఒక ఫోటో తీయండి. అడ్డగీతలు నాలుగు మూలల్లోనూ ఒకే తేటతనంతో ఉండాలి. ఒక్క మూల మాత్రమే మసకగా ఉంటే కెమెరా వంకరగా ఉందేమో సరిచూసుకొని మళ్లీ తీయండి, అప్పటికీ మారకపోతే లెన్సు ఎప్పుడో కింద పడి ఉంటుంది. వాపసుకు గడువు ఉంటే అప్పుడే తిరిగి ఇచ్చేయండి. రెండోది, బీచ్ రోడ్డు మీద నిలబడి, అక్కడ ప్రదర్శనకు ఉంచిన కుర్సుర జలాంతర్గామిని ఉదయం ఏడింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి, ఒకే చోటు నుంచి ఒకే ఎపర్చరుతో తీయడం. ఉదయం సూర్యుడు దాని వెనుక సముద్రం వైపు ఉంటాడు, సాయంత్రం మీ వెనుక నుంచి దాని మీద వెలుగు వేస్తాడు. లెన్సులో మసక ఉంటే ఉదయపు ఫోటోయే దాన్ని పట్టిస్తుంది. నౌకాదళం, పోర్టు పరిధిలో ఫోటోలు నిషేధమన్న బోర్డు కనిపించిన చోట కెమెరా బయటికి తీయవద్దు. ఈ రెండు ఫోటోలూ దగ్గర పెట్టుకోండి; నాలుగో పాఠంలో హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే పటం) చదవడాన్ని వాటితోనే మొదలుపెడతాం.