ఇద్దరు మేజర్లు ఉంటే ఆర్డర్ ఎవరిది? ఇలా తేల్చుకోండి

ఇండియన్ ఆర్మీలో మేజర్ భుజం మీద సింహాల చిహ్నం ఒక్కటే ఉంటుంది, మరి ఒకే యూనిట్‌లో అలాంటోళ్ళు నలుగురైదుగురు ఉంటే ఎవరు ఎవరికి చెప్పాలో బయటోళ్ళకి ఓ పట్టాన అర్థం కాదు. ముందు భుజం చూడటం మానేసి కుర్చీ చూడండి.

బెటాలియన్‌కి సీవో (కమాండింగ్ ఆఫీసర్) ఒక్కరే, కర్నల్. కింద కంపెనీ కమాండర్లు, మామూలుగా మేజర్లే. ఆల్ఫా కంపెనీ మేజర్‌కి ఏదో పనికి పదిమంది జవాన్లు తక్కువయ్యారనుకోండి, తను ఎంత సీనియరైనా పక్కనున్న బ్రావో కంపెనీ జవాన్లని నేరుగా పిలిచి పని చెప్పకూడదు, బ్రావో మేజర్‌ని అడగాలి, ఆయన కుదరదు పొమ్మంటే ఇద్దరూ సీవో దగ్గరికెళ్ళి తేల్చుకోవాలి, అంతే.

సీవో లీవ్‌లో ఉండి టూఐసీ (సీవో తర్వాత రెండో స్థానంలో ఉండే ఆఫీసర్) కూడా లేకపోతే అప్పుడు సీనియారిటీ తీస్తారు. ర్యాంకు వచ్చిన తేదీ చూడండి. మేజర్ ర్యాంకు 6 ఏళ్ళ సర్వీసుకి టైమ్ స్కేల్‌లో, అంటే సర్వీసు ఏళ్ళ లెక్కనే, వచ్చేస్తుంది కాబట్టి ఒకే కోర్సు (ట్రైనింగ్ బ్యాచ్) వాళ్ళకి తేదీ కూడా కలిసిపోతుంది, అప్పుడు ట్రైనింగ్ అకాడమీ మెరిట్ లిస్టే దిక్కు (డెహ్రాడూన్‌లో కుర్రతనంలో పోగొట్టుకున్న మార్కులు ఇన్నేళ్ళకి అడ్డం తగులుతాయన్నమాట). కోర్స్‌మేట్‌ని పేరు పెట్టే పిలుస్తారు గానీ ఒక్క కోర్సు ముందోడైనా, ర్యాంకు ఒకటే అయినా, "సర్" అనాల్సిందే.

యూనిట్ డాక్టర్ అందరికన్నా సీనియర్ మేజర్ అయినా మామూలుగా బెటాలియన్ కమాండ్ ఆయనకి రాదు. ఇంకోటి, పేరు చూసి మోసపోకండి, వైజాగ్‌లో కనిపించే నేవీ కెప్టెన్ ఆర్మీ కర్నల్‌తో సమానం, ఆర్మీ కెప్టెన్‌తో కాదు.

అసలు మజా పైన ఉంది. సీడీఎస్‌కీ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్), ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ముగ్గురు చీఫ్‌లకీ నాలుగేసి స్టార్లే, జీతం కూడా సమానమే. ఇదివరకు ముగ్గురిలో సీనియర్ చీఫ్ రిటైరయ్యేదాకా చీఫ్‌లంతా కూర్చునే చీఫ్స్ ఆఫ్ స్టాఫ్ కమిటీకి ఛైర్మన్‌గా ఉండేవారు, 2020 జనవరి నుంచి అది సీడీఎస్‌కి పర్మనెంట్ చేశారు. కానీ ఆ పోస్టు పెట్టినప్పుడే, 2019 డిసెంబర్‌లో, ముగ్గురు చీఫ్‌లతో సహా ఎవరి మీదా సీడీఎస్‌కి మిలిటరీ కమాండ్ ఉండదని ప్రభుత్వం తెగేసి చెప్పింది. మూడు సర్వీసులకీ కలిపి జాయింట్ ఆర్డర్లు ఇచ్చే అధికారం 2025 జూన్‌లో గానీ చేతికి రాలేదు, అంతకుముందు ఏ సర్వీసుకి ఆ సర్వీసే విడిగా ఆర్డర్ తీసేది.