కొత్తగా పైపు పట్టేవారు పొగాకు మిశ్రమాన్ని ఎంచుకునే పద్ధతి

హైదరాబాద్‌లో పైపు అలవాటులోకి కొత్తగా వచ్చినవారు డబ్బా మూత తీయగానే వెనిలా, చెర్రీ వాసన గుప్పుమనే అరోమాటిక్ రకంతోనే మొదలుపెడుతుంటారు. కానీ ఆ పరిమళం కోసం కలిపే తీపి ద్రవాల వల్ల ఆకులో తేమ నిలిచి, పొగ వేడి ఆవిరిలా మారి నాలుకను మండిస్తుంది కనుక, చిటికెడు ఆకును వేళ్లతో నొక్కి చూసి, ముద్దగా అంటుకుంటే కాగితం మీద కాసేపు ఆరబెట్టి వాడాలి.

వర్జీనియా రకం పొగాకు మనకు పరాయిది కాదు. ప్రకాశం జిల్లాలో పొగాకును ఆరబెట్టే బ్యారన్లలో క్యూరింగ్ చేసేది ఆ జాతి ఆకునే. దానిలో సహజమైన చక్కెర ఎక్కువ కాబట్టి, నాలుక మండకుండా ఉండాలంటే గబగబా పీల్చకూడదు. బర్లీ అనే మరో రకం ఆకులో చక్కెర చాలా తక్కువ. వర్జీనియాకు అమెరికాలోని లూసియానా రాష్ట్రం, సెయింట్ జేమ్స్ పారిష్‌లో పీపాలలో ఒత్తిడి పెట్టి పులియబెట్టే పెరిక్ ఆకు తోడైతే మిరియాల ఘాటు వస్తుంది. దీనిని ఖాళీ కడుపుతో తాగితే తల తిరగవచ్చు.

నా అభిప్రాయంలో మొదటి డబ్బాగా తగినది లటాకియా స్వల్పంగా ఉన్న ఇంగ్లిష్ మిశ్రమమే. కట్టెల పొగలో ఆరబెట్టిన ఈ నల్లని ఆకు చల్లగా, నిదానంగా కాలుతుంది. అయితే దాని వాసన ఫ్లాట్‌లోని పరదాలను రోజుల తరబడి వదలదు. ఇంగ్లిష్ మిశ్రమంలో ఓరియంటల్ (టర్కీ, గ్రీస్ ప్రాంతపు) ఆకుల వంతు పెరిగితే ఆ మిశ్రమాన్నే బాల్కన్ అంటారు.

పొగను గుండెల్లోకి పీల్చకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు తప్పదు. ఏప్రిల్, మే నెలల మన పొడి వేడికి తెరిచిన డబ్బా త్వరగా ఎండిపోతుంది గనుక, మిగిలిన ఆకును బిగుతు మూత గల గాజు సీసాలోకి మార్చుకోవాలి.