పందిరి బీరకు పిందె నిలవాలంటే: సాయంత్రం పూట చేయాల్సిన పని

పందిరి నిండా తీగ, తీగ నిండా పసుపు పూలు, కాయ మాత్రం కనబడదు. వేలెడంత పిందె కనిపించి, మూడో రోజుకల్లా మొదలు దాకా పసుపుబారి రాలిపోతుంది. దానికి దారిన పోయే ప్రతి ఒక్కరి దగ్గరా ఒక వైద్యం ఉంటుంది. బలం చాలలేదు యూరియా వేయమని ఒకరు, పుల్ల మజ్జిగ కొట్టమని ఒకరు, దిష్టి తగిలింది పాత చెప్పు కట్టమని ఇంకొకరు. చాలా పెరళ్ళలో, డాబాల మీద అసలు జరిగేది ఒక్కటే: ఆడపువ్వుకు పుప్పొడి అందలేదు. ఇది తెలిసిన వాళ్ళు కూడా పొద్దున్నే బ్రష్షు పట్టుకుని పందిరి కిందికి వెళ్తారు. బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం. పొద్దుటికి దాని పని అయిపోయి ఉంటుంది.

ఆ సాయంత్రపు పని గురించి వివరంగా చెప్పుకోవాలి. మిగతాది గబగబా చూసేద్దాం.

విత్తనం నుంచి పందిరి దాకా

వానాకాలం పంటకు జూన్, జూలై. వేసవి పంటకు డిసెంబర్ రెండో పక్షం నుంచి ఫిబ్రవరి దాకా విత్తుకోవచ్చు. చలి ముదిరినప్పుడు వేస్తే మొలక ఆలస్యమవుతుంది. రోజుకు కనీసం 6 గంటల ఎండ తగిలే చోటు చూసుకోండి. గోడ నీడలో పెట్టి, తీగ సన్నగా సాగిపోతోందని బాధపడితే లాభం లేదు.

అడుగున్నర పొడవు, వెడల్పు, లోతున గుంత తీయండి. బాగా మాగిన పశువుల ఎరువు రెండు తట్టలు, వేపపిండి రెండు గుప్పిళ్ళు మట్టిలో కలిపి నింపండి. మాగని పేడ వేస్తే వేరు మాడుతుంది, చెదలు కూడా చేరతాయి. డాబా మీదైతే 20 నుంచి 25 లీటర్ల టబ్బు కావాలి. టబ్బుకు ఒక్క మొక్కే. రెండు పెడితే కాపు రెట్టింపవుతుందనుకుంటారు గానీ రెండూ ఆకలితోనే ఉంటాయి.

రకం మీ ఇష్టం. పొడవాటి కాయ కావాలంటే జగిత్యాల లాంగ్, అర్క సుమీత్ రెండూ నమ్మదగినవి. హైబ్రిడ్ విత్తనం వేస్తే దాని నుంచి మళ్ళీ విత్తనం కట్టుకుని లాభం లేదు, పిల్లల్లో తల్లి గుణం నిలవదు. పెరటికి సూటి రకమే, అంటే హైబ్రిడ్ కానిదే, వేయాలి.

విత్తనాలు రాత్రంతా నానబెట్టి, గుంతకు మూడు చొప్పున అంగుళం లోతులో పెట్టండి. వారం అటూ ఇటూగా మొలుస్తాయి. నారు పోసి పీకి నాటడం బీరకు పడదు, వేరు కదిలితే అలుగుతుంది. మొలిచిన రెండు వారాలకు బలమైనదొక్కటి ఉంచి మిగతావి కత్తెరతో నేల మట్టానికి కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కూడా లేస్తుంది. ఈ దశలో గుమ్మడి పెంకు పురుగులు ఎర్రగా మెరుస్తూ లేత ఆకులకు చిల్లులు పెడతాయి. తెల్లవారుజామున అవి మందకొడిగా ఉంటాయి కాబట్టి అప్పుడే ఏరేయాలి. ఎండెక్కితే చేతికి దొరకవు.

రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి ఒకసారి ఆకుల మీద పిచికారీ చేయండి. ఆడపూలు ఎక్కువ రావడానికి వ్యవసాయ శాఖ వాళ్ళు ఎప్పటి నుంచో చెబుతున్న మాటే ఇది. లేత మొక్కకు ఇంకో చెంచా వేస్తే ఇంకా మంచిదని అనుకోకండి, ఆకుల అంచులు మాడిపోతాయి.

పందిరి ఆరడుగుల ఎత్తు ఉంటే చాలు. సరుగుడు గుంజలు, పైన అడ్డంగా తీగలు, వాటి మధ్య కొబ్బరి తాడు. నైలాన్ వల వద్దే వద్దు. పంట అయ్యాక ఎండిన తీగను దాంట్లోంచి విడదీయడానికి ఒక పూట పడుతుంది, చివరికి వలను కూడా పారేస్తారు. కొబ్బరి తాడైతే తీగతో సహా కోసి కంపోస్టులో వేసేయొచ్చు.

తీగ పందిరి ఎక్కేదాకా కింది పక్క కొమ్మలు గిల్లేయండి. పందిరి మీద నాలుగైదు కణుపులు పాకాక కొస గిల్లండి, పక్క కొమ్మలు బయల్దేరతాయి. అంతే. వాటి కొసలు గిల్లి, మళ్ళీ వాటి పిల్ల కొమ్మల కొసలు గిల్లి, దానికి 3జీ కటింగ్ అని పేరు పెట్టుకుని వీడియోల్లో చూపిస్తారు. పుప్పొడి అందని పందిరి మీద ఆడపూలు పది రెట్లు పెంచితే రాలే పిందెలు కూడా పది రెట్లవుతాయి. ముందు ఉన్న పువ్వును నిలబెట్టుకోవడం నేర్చుకోవాలి.

ఎరువు నెలకోసారి రెండు గుప్పిళ్ళ వర్మికంపోస్టు చాలు. యూరియా ఎక్కువైతే ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, మగపూలు గెలలు గెలలుగా వస్తాయి, ఆడపూలు తగ్గిపోతాయి.

పుప్పొడి అద్దడం

ముందు పూలను గుర్తుపట్టాలి. మగపూలు పొడుగాటి కాడ మీద గెలగా వస్తాయి, రోజుకు ఒకటో రెండో విచ్చుకుంటాయి. ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది. దాని వెనక, చిటికెన వేలి కన్నా సన్నగా, అప్పుడే గాట్లు తేలిన పిందె ఉంటుంది. పూత మొదలైన కొత్తలో అన్నీ మగపూలే వస్తాయి. అవి రాలిపోవడం సహజం, దానికి మందు వెతకొద్దు. ఆడపూలు ఆ తర్వాత వారం రెండు వారాలకు కనబడతాయి.

బీర పువ్వు సుమారుగా సాయంత్రం 5 నుంచి 8 మధ్య విచ్చుకుంటుంది. మబ్బు పట్టిన రోజు ముందే విచ్చుకుంటుంది, మండు వేసవిలో ఆలస్యమవుతుంది. అందుకని గడియారాన్ని కాదు, పువ్వును చూడాలి. మొగ్గ కొస పసుపు రంగు తేలి వదులైందంటే ఆ సాయంత్రమే విచ్చుకుంటుంది. మధ్యాహ్నమే పందిరి కిందికి వెళ్ళి, ఆ రోజు విచ్చుకోబోయే ఆడమొగ్గలు ఎక్కడెక్కడున్నాయో చూసి పెట్టుకోండి. చీకట్లో ఆకుల మధ్య వెతుక్కోవడం కష్టం. గుర్తుకి ఒక రంగు దారం కట్టినా సరే.

పల్లెల్లో ఈ పని రాత్రి తిరిగే రెక్కల పురుగులు, సాయంత్రం వచ్చే తేనెటీగలు చేసిపెడతాయి. అపార్టుమెంటు నాలుగో అంతస్తుకు అవి సరిగా రావు. పక్కింటి వాళ్ళు పురుగు మందు కొడుతున్నా రావు. అక్కడ మీరే చేయాలి.

పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక, ఆ రోజే విచ్చుకున్న మగపువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి లేదా తుంచేసి, మధ్యలో ఉన్న కేసరాలను వేలికి తాకించి చూడండి. పసుపు పొడి అంటాలి. అంటకపోతే ఇంకా పక్వానికి రాలేదు, పావుగంట ఆగండి. పొడి అంటితే ఆ కేసరాలను ఆడపువ్వు మధ్యలోని కీలాగ్రం మీద మెల్లగా, చుట్టూ రుద్దండి. కీలాగ్రం మూడు పాయలుగా ఉంటుంది. మూడు పాయలకూ పొడి అందాలి. ఎక్కువ మంది చేసే పొరపాటు ఇక్కడే: ఒక పక్క తాకించి వచ్చేస్తారు. అప్పుడు పిందె నిలుస్తుంది గానీ ఒక వైపు గింజ పడదు, కాయ కొడవలిలా వంగి కొస సన్నబడుతుంది. దాన్ని చూసి పోషకాల లోపమని మళ్ళీ ఎరువు వేస్తారు.

ఒక ఆడపువ్వుకు రెండు మగపూలు వాడండి. వేరే మొక్కవైతే ఇంకా మంచిది, అదే మొక్కవైనా పని జరుగుతుంది. బ్రష్షుతో అద్దొచ్చా అని అడుగుతారు. అద్దొచ్చు, కానీ బీరకు పువ్వు పువ్వుకు తాకించడమే మేలు. పొడి సగం బ్రష్షు వెంట్రుకల్లోనే ఉండిపోతుంది, గట్టిగా అదిమితే కీలాగ్రం నలుగుతుంది. నలిగిన కీలాగ్రం నల్లబడుతుంది, ఆ పిందె ఇక లెక్కలోకి రాదు.

తడి ఉండకూడదు. నీటి చుక్క తగిలితే పుప్పొడి రేణువు ఉబ్బి పగిలిపోతుంది. కాబట్టి సాయంత్రం పూట పందిరి మీద పైపుతో నీళ్ళు చల్లడం, ఆకులు కడగడం, ఏ మందైనా పిచికారీ చేయడం మానేయండి. నీళ్ళు పొద్దున్నే, మొక్క మొదట్లోనే పోయాలి. వాన వచ్చేలా ఉంటే నాలుగింటికే విచ్చుకోబోయే మగమొగ్గలు రెండు మూడు కాడతో సహా కోసి, లోపల గ్లాసులో అర అంగుళం నీళ్ళలో నిలబెట్టండి, ఇంట్లోనే విచ్చుకుంటాయి. ఆడమొగ్గకు న్యూస్‌పేపర్ పొట్లం చుట్టి పైన పిన్ను పెట్టండి. వాన తెరిపివ్వగానే పొట్లం తీసి అద్ది, మళ్ళీ చుట్టేయండి. ఆ రాత్రి వీలు కాకపోతే మర్నాడు తెల్లవారుజామున ప్రయత్నించవచ్చు గానీ పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఫలితం రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. నిలిచిన పిందె పచ్చగా లావెక్కి, బరువుకి కిందికి వేలాడుతుంది. నిలవనిది కొస నుంచి పసుపుబారుతుంది. టబ్బులో పెంచే మొక్కకు ఒకేసారి మూడు నాలుగు కాయలకు మించి బరువు పెట్టకండి. పుప్పొడి అందినా మొక్క మోయలేనివి తానే రాల్చుకుంటుంది.

పండు ఈగ

పిందె నిలిచాక అసలు శత్రువు ఇదే. లేత కాయకు పొట్ట చివరనున్న సూది లాంటి భాగంతో కన్నం చేసి గుడ్లు పెడుతుంది. అక్కడ జిగురు చుక్క బయటికి వచ్చి గట్టిపడుతుంది, కాయ అటువైపు వంకర తిరుగుతుంది, కోస్తే లోపల తెల్ల పురుగులు. అందుకని పువ్వు వాడిన రోజే పిందెకు పల్చటి బట్ట సంచీ గానీ పేపరు పొట్లం గానీ తొడిగి కాడ దగ్గర వదులుగా కట్టండి. ప్లాస్టిక్ కవరు తొడిగితే లోపల చెమ్మ పట్టి కుళ్ళుతుంది.

ఈగల్ని పట్టే ఎర బుట్టల గురించి ఒక మాట. మామిడి తోటలో కట్టే మిథైల్ యూజినాల్ ఎర తెచ్చి బీర పందిరికి వేలాడదీసి, ఒక్క ఈగ కూడా పడలేదంటారు. పడదు. మామిడి ఈగ వేరు, తీగ జాతి కూరగాయల ఈగ వేరు. దీనికి క్యూ లూర్ ఎర కావాలి, షాపులో ఆ పేరుతోనే అడగండి. అది కూడా మగ ఈగలనే పట్టుకుంటుంది కాబట్టి, బుట్ట కట్టినా సంచీలు తొడగాల్సిందే.

పురుగు పట్టిన కాయల్ని కంపోస్టులో వేయకండి. పురుగు మట్టిలోకి దిగి ప్యూపాగా మారి మళ్ళీ ఈగై లేస్తుంది. పాలిథిన్ కవర్లో గట్టిగా మూట కట్టి, రెండు మూడు రోజులు మంచి ఎండలో పడేయండి.

బూడిద తెగులు కనిపిస్తే గంధకం పొడి కొట్టకండి. బీర, దోస జాతి ఆకులు దానికి మాడిపోతాయి, ఎండాకాలంలో మరీను. తెగులు సోకిన అడుగు ఆకులు తుంచి పారేసి, గాలి ఆడేలా చూడండి.

కోత

పువ్వు విచ్చుకున్న వారం నుంచి పది రోజుల్లో కాయ కోతకు వస్తుంది. పొడవు చూసి కోయకండి. గాట్ల మధ్య తొక్క మీద బొటనవేలి గోరు నొక్కితే సులువుగా దిగాలి. చేతిలో పట్టుకుంటే దాని పరిమాణానికి తగ్గ బరువు ఉండాలి. తేలిగ్గా అనిపిస్తే లోపల పీచు కట్టిందన్నమాట, అప్పుడది కూరకు పనికిరాదు. లేతగా కోస్తే తొక్కు పచ్చడి కూడా వస్తుంది.

కాడ అంగుళం ఉంచి కత్తెరతో కోయండి, మెలిపెట్టి లాగితే తీగ చీలుతుంది. రోజు విడిచి రోజు పందిరి కింద చూసుకోవాలి. ఆకుల చాటున ఒక్క కాయ ముదిరినా మొక్క గింజ మీద పడుతుంది, కొత్త పిందెలు తగ్గిపోతాయి.

కోసిన ప్రతి కాయ నుంచి చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే పారేయండి. ఉప్పు రాసి పిండినా, ఉడికించినా ఆ చేదు పోదు, తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి.

విత్తనానికి తీగ మొదట్లోని నిటారు కాయనొకదాన్ని వదలండి. దాని పువ్వుకు మీరే పుప్పొడి అద్ది, వెంటనే పొట్లం కట్టి, కాడకు ఎర్ర దారం ముడివేయాలి. పక్కింట్లో వేరే బీర రకం ఉంటే ఇది తప్పనిసరి. కాయ తీగ మీదే గోధుమ రంగుకు ఎండి, ఊపితే గలగలమనాలి. అప్పుడు కొసనున్న మూత ఊడుతుంది, బోర్లిస్తే నల్లటి గింజలు రాలతాయి. నీడన వారం ఆరబెట్టి, చిటికెడు బూడిదతో గాజు సీసాలో మూత బిగించి, రకం పేరూ నెలా రాసి అతికించండి. మిగిలిన పీచు ఒళ్ళు రుద్దుకోవడానికి పనికొస్తుంది.