విదేశాల నుంచి పిల్లలతో బెజవాడ వచ్చారా? ట్యూషన్ మాట్లాడుకునే ముందు ఇది చదవండి

టీసీ, ఆధార్, యూనిఫాం, బస్సు రూటు గురించి స్కూలు ఆఫీసులోనే విసుగొచ్చేదాకా చెప్తారు. వాటి జోలికి పోను. నేను చెప్పేది ఇంటికొచ్చి ఒక్కరికే చెప్పే ట్యూషన్ గురించి.

పటమటలో మా అపార్ట్‌మెంట్‌లోకి పోయిన జూన్‌లో డల్లాస్ నుంచి ఒక కుటుంబం దిగింది. పాప ఏడో తరగతి. సామాను ఇంకా విప్పనేలేదు, ముగ్గురు మాస్టార్లను మాట్లాడేశారు. లెక్కలకొకరు, సైన్సుకొకరు, తెలుగుకొకరు. దసరా సెలవుల నాటికి ముగ్గురూ లేరు. వాళ్లే మానేశారో, వీళ్లే మాన్పించారో అడిగినవాళ్లను బట్టి మారుతుంది. ఆ పిల్ల మాత్రం స్కూలు పేరెత్తితే కడుపునొప్పంటోంది. మేం మెల్‌బోర్న్ నుంచి వచ్చిన కొత్తలో మా ఇంట్లోనూ అచ్చం ఇదే భాగోతం. అందుకే ఈ చాదస్తం.

మాస్టారిని వెతికే ముందు స్కూల్లో ఒక్క మాట అడగండి: పరీక్ష పేపరు ఏ పుస్తకంలోంచి ఇస్తారు? నవ్వకండి. గేటు మీద సీబీఎస్‌ఈ అనో స్టేట్ సిలబస్ అనో ఉన్నా, ఇక్కడ చాలా ప్రైవేటు స్కూళ్లు ఐఐటీ, నీట్‌లకు ఇప్పట్నుంచే పునాది అంటూ ఫౌండేషన్ పేరుతో సొంత మెటీరియల్ కూడా నడుపుతాయి. టెక్స్ట్‌బుక్ ఒకటి, మెటీరియల్ ఒకటి, క్లాసులో రాయించే నోట్సు ఇంకొకటి. మాస్టారు తనకు అలవాటైన గైడు పట్టుకుని సాగిపోతే స్కూల్లో భిన్నాలు, ఇంట్లో బీజగణితం నడుస్తాయి. పిల్లకు రోజూ రెండు బళ్లు. ట్యూషన్ అనేది బడి వెనకే నడవాలి.

స్టేట్ సిలబస్ అయితే మీకో సౌకర్యం ఉంది. 2020-21 నుంచి తరగతుల వారీగా ప్రభుత్వ పుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మనవడు ఇటు చదువుతుంటే అమ్మమ్మ అటు చూసి ఏ పాఠంలో ఉన్నాడో పట్టేస్తుంది. ఆ పుస్తకాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దించుకోవచ్చు. కింది తరగతులవి కావాలంటే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గర ఓపిగ్గా వెతకండి.

లెక్కల్లో అక్కడి పిల్లలు వెనకబడ్డారని మాస్టార్లు మొదటిరోజే తేల్చేస్తారు. కంగారు పడకండి. చాలావరకు లెక్క రాక కాదు, ఇక్కడి పద్ధతి తెలియక. 12,34,567 చూసి మావాడు కామాలు తప్పు పడ్డాయన్నాడు, వాడికి అలవాటైంది 1,234,567. జవాబు ఒక్కటే రాసి వదిలేసేవాడు, ఇక్కడేమో స్టెప్పులకూ మార్కులు. ఎక్కాలు నోటికి రావాలి, పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదు. ఇవన్నీ సర్దుకునేవే.

తెలుగు అలా కాదు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లకు వత్తులు రావు, స్కూల్లో పద్యానికి ప్రతిపదార్థం అడుగుతారు. మాస్టార్లు దగ్గరి దారి పడతారు. జవాబు బట్టీ పట్టించి రాయిస్తారు, పిల్ల అక్షరాల్ని ముగ్గుల్లా గీస్తుంది. ట్యూషన్ బడి వెనకే నడవాలన్నానే, తెలుగుకి మాత్రం ఆ మాట చెల్లదు. గుణింతాల దగ్గర మొదలుపెట్టించండి. ఈ ఏడాది తెలుగులో మార్కులు ఆశించట్లేదని క్లాస్ టీచరుకు ముందే చెప్పేయండి. సిగ్గేం లేదు.

నా బెంగంతా హోంవర్కు మీద. నోట్సు శుభ్రంగా ఉందని మురిసిపోకండి. పేజీని ట్యూబ్‌లైటుకు ఏటవాలుగా పట్టి చూడండి. సిరా గీత పక్కన సన్నగా బూడిదరంగు గీత కనిపిస్తే, మాస్టారు పెన్సిల్‌తో రాసిచ్చి పిల్లాడి చేత పెన్నుతో దిద్దించారన్నమాట. పెన్సిల్ చెరిపిన చోట కాగితం నూగు లేచి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. మా ఇంట్లో నెలల తరబడి ఇదే జరిగింది. నోట్సు నిండా స్టార్లు, పరీక్షలో తెల్లకాగితం.

మాస్టార్లు చెడ్డవాళ్లని కాదు. ఆయన ఆరింటికి వస్తాడు, ఏడున్నరకి ఇంకో ఇంట్లో ఉండాలి. ఈలోగా డైరీలో నాలుగు సబ్జెక్టుల హోంవర్కు, వెనక సోఫాలో మనం. అయిందా లేదా అన్నదే మనం చూస్తాం కాబట్టి ఆయనా అదే చూస్తాడు. మా మాస్టారికి ఇలా చెప్పాను: "హోంవర్కు ఖాళీగా వెళ్లినా పర్లేదు మాస్టారూ, వాడికి ఏది రావట్లేదో నాకు చెప్పండి చాలు." నమ్మలేదు. వారం తర్వాత మళ్లీ చెప్పాల్సొచ్చింది. మా అమ్మైతే "డబ్బులు పోసి పెట్టుకుని హోంవర్కు కూడా చేయించుకోకపోతే ఎందుకురా" అని దెప్పింది. దెప్పనివ్వండి. మాస్టారు రాకముందు పిల్లాడే కూర్చుని వచ్చినంత చేయాలి, రానిదానికి చుక్క పెట్టుకోవాలి. ట్యూషన్ ఆ చుక్కల మీదే నడవాలి. ఆదివారం ఒక చుక్క లెక్కను తెల్లకాగితం మీద మీ ఎదుట చేయించండి. వస్తే మాస్టారు మంచివాడు. ఇంతకు మించిన పరీక్ష నాకు తెలీదు.

ఇంకొన్ని గబగబా. క్లాస్ టీచరునే ఇంటికొచ్చి చెప్పమని అడగకండి, 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్ల ప్రైవేటు ట్యూషన్లను ఒప్పుకోదు. పైగా మార్కులేసేవాళ్లకే డబ్బులివ్వడం బాగుండదు. ట్యూషన్ హాల్లోనే జరగాలి, తలుపేసిన గదిలో వద్దు. పక్కింటి పిల్లాణ్ని కూడా కూర్చోబెడతానని మాస్టారు అంటే మొహమాటపడకుండా కాదనండి, రెండు నెలల్లో అది బ్యాచ్ అయిపోతుంది. ఫీజు నెలకా, గంటకా, సెలవులకు ఏంటి అన్నది మొదటిరోజే తేల్చుకోండి.

ఇంతసేపు భయపెట్టాను కాబట్టి ఒకటి చెప్పక తప్పదు. పిల్లలు మనకంటే ముందే సర్దుకుంటారు. సంక్రాంతి దాటాక మావాడు స్లిప్ టెస్టులకు వాడే చదువుకోవడం మొదలుపెట్టాడు, తెలుగులో ఇప్పటికీ గట్టెక్కుతాడంతే. రోజూ వచ్చే మాస్టారు ఇప్పుడు వారానికి మూడు రోజులే వస్తున్నారు. మీకూ ఆ రోజు వస్తుంది. వచ్చాక పూర్తిగా మాన్పించకండి. మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలప్పుడు ఒక్క మాస్టారూ ఖాళీగా దొరకడు, మీవాడికి వార్షిక పరీక్షలు ఆ వెనకే ఉంటాయి.