ఫిష్‌ఈటింగ్ క్రీక్‌లో వేసవి కయాకింగ్: పొద్దున్నే బయలుదేరండి

అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్న ఫిష్‌ఈటింగ్ క్రీక్ అనే వాగులో వేసవి కయాకింగ్‌కు (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవలో విహారానికి) బృందంగా వెళ్లేవారు పొద్దు పొడిచేసరికే నీటిలో దిగి, మధ్యాహ్నం 12 గంటలు కాకముందే ఒడ్డు చేరుకోవడం మంచిది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అక్కడ మధ్యాహ్నం దాటాక పిడుగులతో కూడిన వానలు తరచుగా కురుస్తాయి. ఉరుము వినిపించగానే ఒడ్డెక్కి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. సైప్రస్ చెట్ల నడుమ నీటిదారి చీలినచోట తప్పిపోవడం చాలా తేలిక కనుక అనుభవమున్న ఒకరు ముందు, మరొకరు అందరికంటే వెనుక ఉండాలి. తేనీరు రంగు నీటిలో దాగిన వేరుమొన కయాక్ అడుగుకు తగిలి గరగరమంటే, కంగారుపడి పక్కకు వాలకుండా తెడ్డుతో మెల్లగా వెనక్కి జరగాలి. ఒడ్డున గడ్డి, ఆకులు కుప్పపోసినట్లు కనిపిస్తే అది ఎలిగేటర్ (ఒక రకం మొసలి) గూడు కావచ్చు, అక్కడ ఆగవద్దు.