టెస్లా కాయిల్ ప్రైమరీలో కరెంట్ హద్దు దాటుతుంటే: సమస్య - పరిష్కారం

టెస్లా కాయిల్‌లో డ్రైవర్ నడిపే కొద్ది చుట్ల కాయిల్ ప్రైమరీ, స్పార్క్ ఇచ్చే ఎక్కువ చుట్ల కాయిల్ సెకండరీ. ముందు మీది ఏ రకం కాయిలో తేల్చుకోండి, ఎందుకంటే ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనికిరాదు. ప్రైమరీకి రెజొనెన్స్ కెపాసిటర్ లేకపోతే అది మామూలు ఎస్ఎస్‌టీసీ (సాలిడ్ స్టేట్ టెస్లా కాయిల్). డీసీని ఆపడానికి పెట్టే పెద్ద కెపాసిటర్ లెక్కలోకి రాదు. ఇందులో కరెంట్‌కు ప్రైమరీ ఇండక్టెన్సే అడ్డు. ప్రైమరీని కూడా సీరీస్ కెపాసిటర్‌తో రెజొనెన్స్‌లో నడిపేది డీఆర్ఎస్ఎస్‌టీసీ (డ్యూయల్ రెజొనెంట్ ఎస్ఎస్‌టీసీ). ఇక్కడ ఆ అడ్డును కెపాసిటర్ తీసేస్తుంది. ఇక కరెంట్ ప్రతి అర సైకిల్‌కూ పెరుగుతూనే ఉంటుంది.

ఐజీబీటీలు పేలాయి, ఫ్యూజ్ మాత్రం నిక్షేపంలా ఉంది

ఇది డీఆర్ఎస్ఎస్‌టీసీల జబ్బు. ఐజీబీటీలంటే ప్రైమరీకి కరెంట్‌ను ఆన్, ఆఫ్ చేసే సెమీకండక్టర్ స్విచ్‌లు, అవి కలిసి ఉన్న సర్క్యూట్ బ్రిడ్జ్. 100 మైక్రోసెకన్ల పల్స్ సెకనుకు 200 సార్లు ఇస్తే బ్రిడ్జ్ పనిచేసేది 2 శాతం సమయమే. ఫ్యూజ్‌కు కనిపించేది సగటు కరెంట్, ఐజీబీటీని చంపేది శిఖర కరెంట్. పైగా ఆ శిఖరాన్ని ఇచ్చేది మెయిన్స్ కాదు, బస్ (బ్రిడ్జ్‌కు వెళ్లే డీసీ సప్లై) కెపాసిటర్. 2000 మైక్రోఫారడ్లు 325 వోల్ట్ల దగ్గర సుమారు 105 జౌల్స్ దాచుకుంటాయి. సీరీస్ బల్బు పెట్టినా ఇంతే. మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు షార్ట్ ఉందేమో చూసుకోవడానికి బల్బు మంచిదే కానీ, కెపాసిటర్‌కూ బ్రిడ్జ్‌కూ మధ్య జరిగేదాన్ని అది ఆపలేదు.

ఎంత వేగంగా పెరుగుతుందో లెక్క వేసి చూడండి. ప్రైమరీ 10 మైక్రోహెన్రీలు, కెపాసిటర్ 0.15 మైక్రోఫారడ్ అనుకుందాం. ఫ్రీక్వెన్సీ 130 కిలోహెర్ట్జ్, సర్జ్ ఇంపిడెన్స్ (ఇండక్టెన్స్‌ను కెపాసిటెన్స్‌తో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేది) 8.2 ఓమ్‌లు. ఫుల్ బ్రిడ్జ్, 325 వోల్ట్ల బస్. నష్టాలను, సెకండరీ లాక్కునే శక్తిని పక్కన పెడితే మొదటి అర సైకిల్ శిఖరం 40 ఆంపియర్లు, ఆ తర్వాత ప్రతి అర సైకిల్‌కూ ఇంకో 80. అంటే 40, 120, 200, 280, 360. ఇదంతా 20 మైక్రోసెకన్ల లోపే! 360 ఆంపియర్ల దగ్గర కెపాసిటర్ మీద దాదాపు 2,900 వోల్ట్లు ఉంటాయి. 2 కిలోవోల్ట్ల కెపాసిటర్ ఒక్కటే పెట్టినవాళ్లకు ఐజీబీటీ కంటే ముందు అదే పోవచ్చు.

పరిష్కారం ఓవర్ కరెంట్ డిటెక్టర్, అంటే ఓసీడీ. ప్రైమరీ వైరు చుట్టూ కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ (సీటీ), దాని కరెంట్‌ను వోల్టేజీగా మార్చే బర్డెన్ రెసిస్టర్, ఆ వోల్టేజీని చూసే కంపారేటర్. హద్దు దాటగానే ఒక ఫ్లిప్‌ఫ్లాప్ ఆ పల్స్‌ను కోసేసి, ఇంటరప్టర్ (పల్స్‌లు పంపే సర్క్యూట్) నుంచి తర్వాతి పల్స్ వచ్చేదాకా పట్టి ఉంచుతుంది. 33 చుట్ల సీటీలు రెండు వరసగా పెడితే నిష్పత్తి 1:1089. 5.1 ఓమ్‌ల బర్డెన్ మీద 300 ఆంపియర్లకు సుమారు 1.4 వోల్ట్లు వస్తాయి. కంపారేటర్ హద్దు అక్కడ పెట్టండి. ఓసీడీ లేకుండా డీఆర్ఎస్ఎస్‌టీసీని ఫుల్ వోల్టేజీకి ఎక్కించడం నా దృష్టిలో మూర్ఖత్వమే.

300 దగ్గర సెట్ చేస్తే ఆసిలోస్కోప్‌లో 380 కనిపిస్తోంది

చాలావరకు ఇది లోపం కాదు. ఓసీడీ పసిగట్టిన మరుక్షణమే బ్రిడ్జ్ ఆగదు, కరెంట్ సున్నాకు వచ్చేదాకా నడిచి అప్పుడు ఆగుతుంది. అలాగే ఉండాలి కూడా. 300 ఆంపియర్లు పారుతుండగా స్విచ్ తెంచితే పుట్టే వోల్టేజీ స్పైక్ ఐజీబీటీకి ఇంకా ప్రమాదం. గుర్తింపు ఆలస్యమై ఒక సున్నా దాటిపోతే మరో అర సైకిల్ అదనం, పై లెక్కలో అది 80 ఆంపియర్లు. కాబట్టి ఐజీబీటీ తట్టుకునే గరిష్ఠం నుంచి ఒక మెట్టు తీసేసి హద్దు పెట్టండి. డ్రైవ్ ఆగాక కూడా కరెంట్ కొన్ని సైకిళ్లు ఊగుతూ తగ్గుతుంది. ఆ శక్తి డయోడ్ల గుండా బస్‌లోకి తిరిగి వెళ్తోందన్నమాట, కంగారు అక్కర్లేదు.

తేడా ఇంకా ఎక్కువుంటే బర్డెన్‌ను చూడండి. వైర్‌వౌండ్ (తీగ చుట్టి చేసిన) రెసిస్టర్ పెట్టి ఉంటే తీసేయండి, దాని ఇండక్టెన్స్ కొలతను పాడుచేస్తుంది. సిగ్నల్ శిఖరాలు చప్పగా కుంగిపోతుంటే సీటీ కోర్ సాచురేట్ అవుతోంది. అప్పుడు ఓసీడీకి నిజమైన కరెంట్ కనపడదు. బర్డెన్ విలువ తగ్గించండి, లేదా ఇంకొంచెం పెద్ద ఫెరైట్ కోర్ వాడండి. పవర్ సప్లైల్లోంచి పీకిన పసుపు-తెలుపు ఐరన్ పౌడర్ కోర్లు ఈ పనికి వద్దు.

ఓసీడీ లైటు ఊరికే వెలుగుతోంది, స్పార్క్ పొట్టిగా ఉంది

రెండు కారణాలు ఉండొచ్చు: నాయిస్, లేదా నిజంగానే కరెంట్ ఎక్కువ. బస్‌ను 40 వోల్ట్లకు, పల్స్‌ను 30 మైక్రోసెకన్లకు దించండి. ఇదే కాయిల్‌లో కరెంట్ ఇప్పుడు 75 ఆంపియర్లు దాటే వీల్లేదు. అయినా లైటు వెలిగితే నాయిసే. సీటీ వైర్లను మెలిపెట్టి గేట్ డ్రైవ్ వైర్లకు దూరంగా లాగండి. బర్డెన్‌ను కంపారేటర్ పక్కనే పెట్టి, దాని సప్లై పిన్నుల దగ్గర 0.1 మైక్రోఫారడ్ వేయండి. ఇన్‌పుట్‌కు 1 కిలోఓమ్, 100 పికోఫారడ్ ఫిల్టర్ చాలు. ఇంకా పెంచితే నాయిస్‌తో పాటు అసలు సంకేతమూ ఆలస్యమవుతుంది.

తక్కువ వోల్టేజీలో నిశ్శబ్దంగా ఉండి పైకి వెళ్లాకే వెలిగితే, బర్డెన్ దగ్గర స్కోప్ పెట్టి ప్రైమరీ కరెంట్ ఆకారం చూడండి. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్‌ను బ్రిడ్జ్‌కు మాత్రం తగిలించకండి. ఆరోగ్యంగా ఉన్న కాయిల్‌లో కరెంట్ పెరిగి, శక్తి సెకండరీకి మళ్లేకొద్దీ వంగుతుంది, ఒక్కోసారి కిందికి దిగుతుంది. వంపే లేకుండా తిన్నగా హద్దు దాకా ఎక్కేస్తుంటే సెకండరీ శక్తిని తీసుకోవడం లేదు. ముందు సెకండరీ గ్రౌండ్ వైరు ఊడిందేమో చూడండి. తర్వాత ట్యూనింగ్. స్పార్క్ వచ్చాక సెకండరీ ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది కాబట్టి ప్రైమరీని దానికంటే కాస్త కిందికే ట్యూన్ చేస్తారు. ట్యాప్‌ను (ప్రైమరీకి వైరు తగిలించే చోటును) పావు చుట్టు చొప్పున జరిపి, ప్రతిసారీ అదే ఆకారాన్ని చూడండి.

ఎస్ఎస్‌టీసీలో స్పార్క్ చిన్నదే, మాస్‌ఫెట్లు మాత్రం కాలిపోతున్నాయి

ప్రైమరీ చుట్లు తక్కువై మాగ్నెటైజింగ్ కరెంట్ (సెకండరీకి పోకుండా ప్రైమరీలోనే ఊగే కరెంట్) పెరిగింది. హాఫ్ బ్రిడ్జ్, 325 వోల్ట్ల బస్, 200 కిలోహెర్ట్జ్, 10 మైక్రోహెన్రీలు అయితే పని ఏమీ చేయకుండానే 20 ఆంపియర్ల శిఖరం తిరుగుతుంటుంది. 6 చుట్లను 8 చేస్తే ఇండక్టెన్స్ సుమారు 1.8 రెట్లవుతుంది, ఈ కరెంట్ దాదాపు సగానికి దిగుతుంది. స్పార్క్ కొంచెం తగ్గుతుంది, తప్పదు. అలాగని దీన్ని పూర్తిగా చంపేయకండి, మాస్‌ఫెట్లు సాఫ్ట్‌గా ఆన్ కావడానికి కాస్త వెనకబడిన కరెంట్ అవసరమే. చుట్లు సరిపోయినా వేడి తగ్గకపోతే ఫీడ్‌బ్యాక్ చూడండి, డ్రైవర్ ఫ్రీక్వెన్సీని నిర్ణయించేది అదే. ఫ్రీక్వెన్సీ సగమైతే ఈ కరెంట్ రెట్టింపవుతుంది.

పల్స్ పొడుగు పెంచినా ఓసీడీ మధ్యలోనే కోసేస్తోంది

దాని పని అదే. పొడుగు పల్స్ కావాలంటే డ్రైవర్ పల్స్ స్కిప్పింగ్ చేయాలి: హద్దు దాటినప్పుడు పల్స్ మొత్తాన్ని ఆపకుండా, బ్రిడ్జ్‌లోని కింది రెండు స్విచ్‌లను కలిపి ఆన్ చేసి ప్రైమరీని షార్ట్ చేస్తారు. కరెంట్ కొద్దిగా తగ్గగానే మళ్లీ డ్రైవ్ ఇస్తారు. ప్రతిసారీ కింది జతనే వాడితే అవే వేడెక్కుతాయి. ఒకసారి పై జత, ఒకసారి కింది జత వచ్చేలా లాజిక్ రాసుకోండి.