హూలాక్ గిబ్బన్‌ను అడవిలో చూడాలంటే

మన దేశపు అడవుల్లో బతికే తోకలేని వానరం గిబ్బన్ ఒక్కటే. తెలుగులో కోతి, కొండముచ్చు అన్న రెండు మాటలతోనే సరిపెట్టుకోవడం మనకు అలవాటు కనుక, బయలుదేరే ముందే ఒక గుర్తు మనసులో ఉంచుకోవాలి: తోక ఉన్నది ఏదైనా సరే, అది గిబ్బన్ కాదు.

దీనిని చూడడానికి అస్సాంలోని జోర్హాట్ జిల్లాలో, మరియాని రైల్వే జంక్షన్‌కు దగ్గరగా, తేయాకు తోటల నడుమ ఉన్న హొల్లొంగాపార్ అభయారణ్యం అనువైన చోటు. 1997లో అభయారణ్యమైన ఈ అడవి సుమారు 21 చదరపు కిలోమీటర్లే. నవంబరు నుంచి మార్చి వరకు వెళ్లడం మేలు; వానల్లో జలగల బాధ తప్పదు. ఏనుగులు తిరిగే అడవి కాబట్టి అటవీ సిబ్బంది తోడు లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు.

అక్కడ మనకంటే ముందుగా తెల్లవారుతుంది. హైదరాబాదు లెక్కన ఏడింటికి బయలుదేరితే సగం అవకాశం పోయినట్టే. గిబ్బన్ల జాడను మొదట చెవులతో పట్టుకోవాలి. ఉదయం పూట ఆడ, మగ జంటగా గొంతు కలిపి చాలాసేపు కూస్తాయి. ఈ చోటు మాదని పొరుగు కుటుంబాలకు చెప్పే పద్ధతి అది. కూత వినగానే పరుగెత్తక, నిలబడి దిక్కు తేల్చుకుని, ఆ తరువాతే నెమ్మదిగా నడవాలి. కూత ఆగిపోతే, మేడి, మర్రి జాతి చెట్లలో పండ్లు పండినవి ఎక్కడున్నాయో సిబ్బందిని అడగడం మంచిది.

కాళ్ల కంటే ఎంతో పొడవైన చేతులతో కొమ్మ నుంచి కొమ్మకు ఊగుతూ సాగే తీరే దాని అసలు గుర్తు. నల్లని ఒంటిపై తెల్ల కనుబొమలున్నది మగది, గోధుమరంగుది ఎదిగిన ఆడది. వీటిని రెండు జాతులనుకుని పొరబడేవారు చాలామంది. లేతరంగుతో పుట్టిన పిల్ల తరువాత నల్లబడుతుంది, ఆడదైతే ఎదిగాక మళ్లీ రంగు మారుతుంది. కాబట్టి నల్లగా ఉన్నవన్నీ మగవేనని లెక్క వేయకూడదు.

అడవిని చీలుస్తూ రైలు పట్టాలు పోతున్నాయి. నేలకు అరుదుగా దిగే ఈ జీవికి, కొమ్మలు కలవని ఆ ఖాళీ గోడతో సమానం. ఫోనులో రికార్డు చేసిన కూత వినిపించి వాటిని పిలిచే ప్రయత్నం మాత్రం చేయకూడదు. పరాయి కుటుంబం చొరబడిందనుకుని అవి కలవరపడతాయి.

మధ్యాహ్నం దాటాక వెతకడం దాదాపు వృథా. పొద్దు వాలకముందే అవి ఎత్తైన చెట్టెక్కి, గూడు కట్టకుండా, కొమ్మల పంగలో కూర్చునే నిద్రపోతాయి.